పెనం ముందు మనిషి

అచ్చియమ్మకి యాభై రెండేళ్లు. బుచ్చయ్యపేట దగ్గర బెల్లం వండే పాకలో పాతికేళ్లు పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసింది. నలభై ఎనిమిదో ఏట అక్కణ్ణుంచి లేచి, మొగుడు అప్పారావుని పక్కకి తప్పించి, పెనం ముందు నిలబడింది. పాకం చూసే పని ఆడది చెయ్యడమేమిటని ఊరు నోరెళ్లబెట్టింది. ఇప్పుడు అదే ఊరు, అచ్చియమ్మ చూడందే పెనం దించనివ్వదు. ఊళ్లకి బుద్ధి ఆలస్యంగానే వస్తుంది లెండి.

ఆ సంగతి విని హైదరాబాదు నుంచి సుప్రియ అనే దర్శకురాలు దిగింది. నడివయసులో కొత్త బతుకు మొదలుపెట్టిన ఆడదాని సినిమా తీస్తానంది. మూడు రోజులు పీట వేసుక్కూర్చుని అచ్చియమ్మ చెప్పిందల్లా రాసుకుంది. తనని తెరమీద చూసుకోవాలని అచ్చియమ్మ మహా ఆశపడింది. పడదా మరి, కథ ఆవిడదే కదా!

తీరా షూటింగు నాడు ఆవిడ వేషానికి రాజశ్రీ అనే నటి వచ్చింది. ముప్పై అయిదేళ్ల తెల్లటి మనిషికి మొహాన నలుపు పూసి, తలకి తెల్లపొడి కొట్టారు. అచ్చియమ్మవి చేతులు మాత్రం దగ్గర్నుంచి తీస్తారట.

“సేతులు నావి, మొకం ఆవిడిదా?” అని అడిగింది అచ్చియమ్మ.

“జనం మొహం చూసే వస్తారండీ,” అంది సుప్రియ తల దించుకుని.

అచ్చియమ్మకి ఒళ్లు మండింది. కానీ పెనంలో రసం మరుగుతోంది. పని మధ్యలో అలగడం ఆవిడకి చేతకాదు.

కెమెరా తిరిగింది. రాజశ్రీ గరిట పట్టుకుని, “ఈ వయసులో నన్ను నేను వెతుక్కుంటున్నాను...” అని మొదలుపెట్టింది. పెద్ద డైలాగు. మధ్యలో నిట్టూర్పులు కూడా ఉన్నాయి. ఈలోగా పెనంలో నురగ అణిగి, బుడగలు బరువెక్కాయి. పాకానికి నిట్టూర్పులతో పనేమిటి?

“ముదిరిపోతందర్రా!” అంటూ అచ్చియమ్మ కెమెరా ముందుకి దూకింది. గరిట లాక్కుని, ఇంత పాకం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసింది. “ఇంకా సూత్తారేటి? దించండి!”

అప్పారావూ, తక్కిన మగాళ్లూ ఉరికి పెనం దించారు. బెల్లం దక్కింది.

సుప్రియ మొహం వెలిగిపోయింది. “అద్భుతం! ఇది ఉంచేద్దాం. గొంతు మాత్రం వేరేవాళ్లతో చెప్పిద్దాం. ఈ యాసకి హాల్లో నవ్వుతారు.”

అచ్చియమ్మ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. “నవ్వనీండి. మా ఊరోళ్లూ నవ్వేరు, నాను మానేసేనా? సేతులు, మొకం, గొంతు, అన్నీ ఒక్క మనిషివే తల్లీ. ఇడదీత్తానంటే నా కత నాకిచ్చేసి ఎల్లిపోండి.”

రాజశ్రీ తలమీది తెల్లపొడి దులుపుకుంది.

“ఆవిడ వేషం ఆవిడకే ఇవ్వండి. నాకు ఆవిడ దగ్గర పని నేర్చుకునే మనిషి వేషం రాయండి. నేనైతే ఆ పాకం మాడబెట్టేదాన్నే,” అంది నవ్వుతూ.

సుప్రియ ఫోను తీసుకుని పాక వెనక్కి వెళ్లింది. నిర్మాతతో గంటసేపు దెబ్బలాడి, ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చి, “సరేనన్నారు,” అంది. అచ్చియమ్మ ఆనందం పట్టలేక రాజశ్రీ చెయ్యి గట్టిగా నొక్కేసింది.

రెండో పెనం పొయ్యెక్కింది. డైలాగు కాగితం అందిస్తే అచ్చియమ్మ తోసేసింది. చేసేది లేక సుప్రియ, “పెనం దగ్గరికి ఎందుకొచ్చారో మీరే చెప్పండి,” అంది.

అచ్చియమ్మ రసం కలుపుతూ చెప్పింది. “మా ఆయన సేతిలో పాకం మాటిమాటికీ మాడిపోయేది. నాకు వోసనబట్టే తెలిసిపోయేది. ఆడదాన్ని, నాకెందుకులే అని ఊరుకునేదాన్ని. ఓనాడు ఊరుకోలేపోయేను. గరిట లాగేసుకున్నాను. బయవేసింది. కానీ శానా బాగుంది.”

అంతటితో ఆగక, ఎదురుగా పెనం దించే కర్ర పట్టుకు నిలబడ్డ అప్పారావు వైపు తిరిగింది. “నిజివా కాదా, మావా?”

కెమెరా అతని మీదికి తిరిగింది. అప్పారావు, షూటింగు చూడవచ్చిన ఊరందరి ముందూ ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“నిజివే,” అన్నాడు. “నాకంటే దానికే బాగా తెలుసు.”