మా మావయ్య చెప్పుచేతల్లోని పిట్ట

మా మావయ్య వతాన్ చెప్పుచేతల్లో అడవిపిట్ట ఒకటి ఉంది. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను, ఊరందరి ముందూ అన్నాను. కాబట్టి ఇక్కడ రాయడానికి నాకు భయమేమీ లేదు.

ఆ పిట్ట పేరు సిసిల్. పిడికెడంత ఉంటుంది, బూడిదరంగు బుగ్గలు, ఒక్కచోట కుదురుగా ఉండదు. తైవాన్ కొండల్లోని మా అతయాల్ తెగలో వేటకి బయల్దేరినవాడు దాని మాట వినకుండా కొండెక్కడు. దారికి ఎడమనుంచి కుడికి, సన్నగా కూస్తూ దాటితే వెళ్ళమని. కుడినుంచి ఎడమకి గీపెడుతూ దాటితే ఇంటికి పొమ్మని. వేట మానేసి చాలా ఏళ్ళయినా మావయ్య లెక్క మారలేదు. మా ఊరి పైనున్న ముసలి దేవదారు చెట్టు చూడ్డానికి వచ్చేవాళ్ళని నడిపించేటప్పుడు కూడా అదే లెక్క. ఎవరు వస్తున్నారు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ తినాలి, ఎవరికి చేతికర్ర ఇవ్వాలి, ఈ ఏర్పాట్లన్నీ నావి. నడకలో మాత్రం ఆయన ముందు, నేను చివర.

ఇబ్బంది ఏమిటంటే, ఆ పిట్టకి మావయ్య ఇష్టాయిష్టాలన్నీ తెలుసు. కిందటి నెలలో మూడుసార్లు జనాన్ని దారిమధ్యలోంచి వెనక్కి తిప్పింది. మొదటిసారి ఫోనులో పాటలు మోగించుకుంటూ నడిచిన గుంపుని, రెండో మలుపైనా దాటనివ్వలేదు. రెండోసారి వచ్చినవాళ్ళలో ఒకాయన పది అడుగులకోసారి ఇంకెంత దూరమని అడిగాడు. పదకొండోసారి అడిగేసరికి పిట్ట గీపెట్టిందని మావయ్య చెప్పాడు, మాలో ఇంకెవరికీ వినబడలేదు. మూడోసారి వచ్చినవాళ్ళు బంగారం లాంటి మనుషులు, ఆకాశం కడిగినట్టుంది. అయినా పిట్ట వద్దంది. వాళ్ళకి క్షమాపణలు చెప్పి బస్సెక్కించి నేను ఇంటికొచ్చేసరికి, మావయ్య బూట్లు కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చుని బేస్‌బాల్ చూస్తున్నాడు.

"పిట్టది కూడా ఇదే జట్టా మావయ్యా?" అని అడిగాను.

"దానికి ఆట గురించి ఏం తెలుసు పాపం" అన్నాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

నేను చర్చిలో పాటల బృందానికి పెద్దని. శకునాలు నమ్మొద్దని మాకు పాస్టరుగారు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మా మావయ్యతో ఒకే ఇంట్లో నాలుగు రోజులు ఉంటే చాలు.

మా పర్యటనల సంఘానికి లావా అత్త పెద్ద. ఊరి మొదట్లో టిఫిన్ కొట్టు నడుపుతుంది. ఫిర్యాదులు చెప్పాలనుకున్నవాళ్ళు ముందు అక్కడే ఆగుతారు కాబట్టి మూడు గుంపులూ ఆవిడ చెవిలో ఊది పోయాయి. ఆవిడ సంఘాన్ని కూర్చోబెట్టి తీర్మానం రాయించింది. వతాన్ ఇంకొక్కసారి జనాన్ని వెనక్కి తిప్పితే ఇక ముందు నడవడానికి వీల్లేదు. ఆయన బదులు గైడు పరీక్ష పాసై పత్రం తెచ్చుకున్న హయుంగ్ నడుస్తాడు. హయుంగ్ మంచివాడే. కాని నడుముకి స్పీకరు పెట్టె కట్టుకుని మాట్లాడతాడు. అతను నోరు విప్పితే అడవిలో కదలకుండా నిలబడేవి చెట్లే.

తీర్మానం మావయ్య చెవిన పడింది. ఆ పూట పులియబెట్టిన పంది మాంసం వడ్డించాను. సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ కూర ఉన్న పూట ఆయన కంచం వదలడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారం రావలసినవాళ్ళు తైపే నుంచి పిట్టల్ని చూసే సంఘంవాళ్ళు, పధ్నాలుగు మంది. అందరి మెడల్లోనూ బైనాక్యులర్లు. వాళ్ళ నాయకురాలు చుంగ్ టీచరు, బడిలో ముప్పయ్యేళ్ళు సైన్సు చెప్పి రిటైరయిన మనిషి. ఇలాంటివాళ్ళ దగ్గర మావయ్య నాటకాలు సాగవని నాకు తెలుసు. బయల్దేరే ముందే ఆయన్ని గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"ఇవాళ ఏ పిట్ట ఏం కూసినా చెట్టు దాకా వెళ్ళాలి. ఒట్టెయ్యండి."

"పిట్టని అడిగి చెప్తాలే."

"మావయ్యా."

ఆయన బూటు తాళ్ళు మూడుసార్లు ముడేసుకున్నాడు. చివరికి సరే, ఒట్టు అన్నాడు. ఇన్నాళ్ళకి పులి బోనులో పడిందని సంబరపడ్డాను.

కొండదారిలో ఆ మొదటి గంట నవ్వుకున్నంతగా నేనెప్పుడూ నవ్వుకోలేదు. మావయ్య అందరినీ ఆపి సిసిల్ కథ మొదలుపెట్టాడు. పూర్వం దారికి అడ్డంగా ఒక బండ పడిందనీ, పిట్టలన్నీ దాన్ని కదిలించబోయాయనీ, గొప్పలు పోయిన కాకి వల్ల కాలేదనీ, ఇంతింత సిసిల్ పిట్టలు గుంపుగా వచ్చి లేపేశాయనీ, అప్పట్నుంచీ మనుషులు వాటి మాట వింటున్నారనీ చెప్పాడు. కథ బాగానే పండింది. తర్వాత కొమ్మ మీదున్న పిట్టని చూపించి, అదిగో అదే అన్నాడు. పధ్నాలుగు బైనాక్యులర్లూ ఒక్కసారి లేచాయి.

"తాతగారూ, అది సిసిల్ కాదండి" అంది చుంగ్ టీచరు, తప్పు చేసిన పిల్లాడికి చెప్పినంత మెత్తగా. "తల మీద కుచ్చు చూడండి. ఇది వేరే జాతి."

"పొద్దున్నే తల దువ్వుకోలేదేమో" అన్నాడు మావయ్య.

అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. రెండో మలుపు దగ్గర మళ్ళీ చెయ్యెత్తి, పొదలోంచి వస్తున్న టకటక అరుపు వినమన్నాడు. టీచరు చెవి ఒగ్గి విని, అది ఉడుతండీ అంది. ఈసారి ఆయన నవ్వలేదు. వరస చివరనుంచి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాడు. తర్వాత వాగు వచ్చేదాకా చరచరా ముందుకి పోయాడు. బాగా అయిందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలాగే అనుకున్నాను.

వాగు దాటితే రాళ్ళచరియ. వదులు రాళ్ళ మీదుగా ఒక్కొక్కరే నడవాలి. మావయ్య వాగులోంచి అవతలి గట్టు ఎక్కాడు. అప్పుడే కుడివైపు వెదురు పొదలోంచి చిన్న గుంపొకటి గీపెడుతూ లేచి, ఆయన మోకాళ్ళ ముందునుంచి ఎడమవైపు దూసుకుపోయింది. బూడిదరంగు బుగ్గలు నాకు కనిపించాయి. అంత చివరనున్న నాకే కనిపించాయంటే ఆయనకి కనబడలేదని ఎవరు చెప్పినా నమ్మను.

మావయ్య ఆగాడు. ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, ఇప్పుడు చెయ్యెత్తుతాడు అని చూస్తున్నాను. తిరగలేదు. కుడికాలెత్తి చరియ మీద పెట్టాడు. ఆ కాలు వణికింది.

మూడుసార్లు బొంకి జనాన్ని తిప్పినప్పుడు ఆ కాలు వణకలేదు. ఇవాళ నా ఒట్టు కోసం, వరసలో ముందుండే ఆ కాస్త చోటు కోసం, డెబ్భై ఎనిమిదేళ్ళ బతుకులో ఎన్నడూ దాటని గీత దాటుతున్నాడు. దాటించింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"వెనక్కి పదండి" అని అరిచాను.

మాలో ఒక కట్టుబాటుంది. వరసలో ఎవరి నోట వచ్చినా ఆ మాట వచ్చాక ఇక చర్చ లేదు. ముందు నడిచేవాడైనా సరే తిరగాల్సిందే. మావయ్య తిరిగాడు. నా మొహంలోకి చూడకుండా వాగు దాటి వచ్చి, మళ్ళీ వరసకి ముందు చేరి దిగడం మొదలుపెట్టాడు. చెట్టు చూడకుండానే పోవడమేమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు. చుంగ్ టీచరు మాత్రం రాళ్ళ మీద కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుని గబగబా వచ్చి కలిసింది. నేను త్వరత్వరగా నడిచి మావయ్య పక్కకి చేరాను. కోపంగా ఉన్నారా అని అడిగాను.

"కోపమెందుకు. అది మంచి శకునం" అన్నాడు నెమ్మదిగా. "ఎడమనుంచి కుడికి పోయింది. నువ్వు తిరగేసి చూశావ్."

మంచి శకునానికి పధ్నాలుగు మందిని వెనక్కి తిప్పాను, ఆయన చోటు నా చేతులారా పోగొట్టాను. దిగినంతసేపూ కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో చూసుకుంటూనే ఉన్నాను.

చెట్టు కింద తినాల్సిన కొర్రన్నం పొట్లాలు చర్చి హాల్లో విప్పుకున్నాం. మేము రావడం టిఫిన్ కొట్లోంచే చూసిన లావా అత్త తీర్మానం కాగితం పట్టుకుని వచ్చేసింది. అతిథుల ముందే అడిగింది, ఎవరు వెనక్కి తిప్పారని. నేను లేచి నేనే అన్నాను. నువ్వా అని ఆవిడా, అక్కడే ఉన్న మా పాటల బృందంవాళ్ళు ముగ్గురూ ఒకేసారి అడిగారు.

మావయ్య అన్నం ముద్ద మింగి గొంతు సవరించుకున్నాడు. "రాసుకోండి. శకునం మంచిదే. నేను వెళ్తూనే ఉన్నా. మా కోడలికి కుడీ ఎడమా తెలీదు. చర్చికెళ్ళేవాళ్ళకి ఈ మూఢనమ్మకాలేంటో. తీర్మానంలో వతాన్ తిప్పితే అని ఉంది. వతాన్ తిప్పలేదు."

ఎవరి కోసం నోరు విప్పానో ఆయనే నన్ను నడిబజారులో నిలబెట్టాడు. చేతిలో పొట్లం ఆయన నెత్తిన బోర్లిద్దామనిపించింది. లావా అత్త కాగితం మళ్ళీ చదువుకుని, మాట నిజమే, వతాన్ తిప్పలేదు అంది. మావయ్య ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

అప్పుడు చుంగ్ టీచరు పుస్తకం తీసింది. పాపం ఆవిడకి ఈ తగువేమీ పట్టలేదు. పొద్దున్న రెండుసార్లు ముసలాయన మాట కాదన్నందుకు ఆవిడ మనసు పీకుతోంది, ఇప్పుడు ఆయన్ని సంతోషపెట్టాలని చూస్తోంది.

"తాతగారూ, చివరికి అసలైన సిసిల్‌ని చూపించారు. ఇదిగో రాసుకున్నాను. తొమ్మిదీ యాభై, వాగు దగ్గర, ఆరు పిట్టలు, కుడినుంచి ఎడమకి, గట్టిగా అరుస్తూ."

హాల్లో నమలడం ఆగిపోయింది. లావా అత్త కూడా వేటగాడి కూతురే. జనాన్ని వెనక్కి తిప్పడం మా సంఘం దగ్గర తప్పు. ఆ అరుపు విని, వెనకున్నవాళ్ళని ముందుకి నడిపించడం మా తాతల దగ్గర తప్పు. రెండో తప్పు చేసినవాడి వెనక మా ఊళ్ళో ఎవరూ నడవరు.

"తెలిసే కాలు వేశావా అన్నయ్యా?" అని అడిగింది.

మావయ్య అబద్ధం కోసం వెతుక్కోవడం నేను చూశాను. ఆయన జేబులో ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి. ఇవాళ ఒక్కటీ తగల్లేదు.

"తెలిసే వేశా" అన్నాడు. "ముందు నడవకపోతే నేనేం చెయ్యాలి లావా? గుమ్మంలో కూచుని వచ్చే బస్సుకీ పోయే బస్సుకీ చెయ్యి ఊపాలా? నా వెనక అంతమంది ఉన్నారని తెలుసు. ఈ పిల్ల అరవకపోతే దాటించేసేవాణ్ణి."

ఒట్టు వేయించింది నేనని చెప్పాను. ఏ పిట్ట ఏం కూసినా వెళ్ళాలన్నానని కూడా చెప్పాను. ఆ పూట చరియ మీద రాయి దొర్లలేదు, చెట్టు కూలలేదు, మేం దాటినా ఏమీ అయ్యేది కాదేమో. అయినా అక్కడున్నవాళ్ళెవరూ ఆ మాట ఎత్తలేదు.

లావా అత్త తీర్మానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత చెప్పింది, ముందు వతానే నడుస్తాడు, ఆ దారి ఆయన కాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాని పిట్ట మాట మాత్రం ఇకమీదట ఆయనది కాదు, రిముయ్‌ది, అంటే నాది. నేను వెళ్ళమంటే వెళ్ళాలి, ఆగమంటే ఆగాలి.

"అది పిట్టల్ని నమ్మదుగా" అన్నాడు మావయ్య.

"నమ్మకుండానే అరిచింది. నువ్వు నమ్మి కూడా నడిచావు" అంది ఆవిడ.

తర్వాతి మంగళవారం తైచుంగ్ నుంచి పన్నెండు మంది వచ్చారు. మావయ్య ఇరవయ్యేళ్ళు తగ్గినట్టున్నాడు. పాతవీ కొత్తవీ కథలన్నీ చెప్పాడు, ఉడుత అరుపు ఉడుతదేనని ఈసారి ఒప్పుకున్నాడు. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి, బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని, ఈ పొద దాటొచ్చా కోడలా, ఈ బండ దాటొచ్చా కోడలా అని అడిగి పన్నెండు మందినీ నవ్వించాడు. నాకు ఒక్క కథా వినబడలేదు. ఆకు కదిలితే ఆకువైపు, కొమ్మ కదిలితే కొమ్మవైపు చూస్తున్నాను. పన్నెండు వీపులు ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలీదు. వాగు దగ్గర ఏ పిట్టా దాటలేదు. ఏదీ దాటకపోవడం కూడా అంత భయంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

దేవదారు కింద కూలబడ్డాను. మెడ పట్టేసింది. మావయ్య నా పొట్లం విప్పి చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ ఇలాగే నడిచారా?" అని అడిగాను.

"వేటతో కలిపితే అరవై."

"ఎప్పటికి అలవాటవుతుంది?"

"అయ్యాక చెప్తాలే" అన్నాడు. తర్వాత చెట్టువైపు చూస్తూ, ఊరికే అన్నట్టుగా అన్నాడు. "నువ్వు అరిచినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది, అమ్మాయ్."

నేనేదో అనేలోపే లేచి బట్టలు దులుపుకుని, మా కోడలు మెడ చాచి చాచి కొంగలా తయారైంది, పోదాం పదండి అని అందరికీ చెప్పాడు. నవ్వుకుంటూ అందరూ వరసలో నిలబడ్డారు. దిగే దారి ఇంకా అంతా మిగిలే ఉంది. నేను చివరికి వెళ్ళి, పన్నెండు వీపులూ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. ఆ ముసలి వీపుతో కలిపి పదమూడు.