వావిలా, దేవకాంచనమా

"పూల చెట్టు పెట్టి ఏంజేస్తవ్? కూసుండి సూస్తవా?"

భర్త లక్ష్మణ్ ఈ మాట అన్నప్పుడు అనసూర్య వంగి వాకిలి ఊడుస్తోంది. అతను ఫస్ట్ షిఫ్టుకు బొగ్గు బాయికి పోవాలి, టిఫిన్ డబ్బా కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. కోపంగా అనలేదు పాపం, నవ్వుతూనే అన్నాడు. నస్పూర్‌లో ఆ వాడ మొత్తం మీద అతను మంచివాడి కిందే లెక్క. తాగొచ్చి గొడవ చేయడు, కూతురు హర్షిణిని కరీంనగర్ హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. డబ్బా అందుకుని అతను బండెక్కి పోయాడు గానీ, ఆ మాట మాత్రం చీపురు పుల్ల గుచ్చుకున్నట్టు అనసూర్య దగ్గరే ఉండిపోయింది. కూర్చుని చూస్తే ఏమవుతుందట?

సంగతంతా గేటు పక్కనున్న గుంతది. మొన్న ఎండాకాలం మురుగునీటి మోరీ కట్టడానికి వచ్చినవాళ్ళు పెరటి గోడ వెంట తవ్వుతూ పాత వావిలి పొదను వేళ్ళతో సహా పెకిలించి పారేశారు. అత్త కనకవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. పెరట్లో మళ్ళీ చెట్టు పెట్టే జాగా లేదు. వానలు పడగానే లక్ష్మణ్ గేటు పక్కన గుంత తీశాడు. ఇంట్లో మిగిలిన మట్టి నేల అదొక్కటే, తక్కినదంతా సిమెంటు. ఆ గుంతలో మళ్ళీ వావిలే రావాలని తల్లీ కొడుకుల మాట. "ఇంట్ల వావిలుంటె డాక్టరున్నట్టే" అంటుంది కనకవ్వ. అనసూర్యకు మాత్రం దేవకాంచనం పెట్టాలని ఉంది. మంచిర్యాల పోయే దారిలో ఒక ఇంటి ముందు చూసింది. ఆకు కనిపించనన్ని గులాబీ రంగు పూలు! ఆటో దిగి చూడాలనిపించింది గానీ, దిగి ఏం చేస్తుంది, ఎవరైనా అడిగితే ఏం చెప్తుంది?

ఆమెకు ఈ మధ్య అదే ధ్యాస. గిన్నెలు తోముతూ తోముతూ రెండు చెట్లనూ ఎదురెదురుగా నిలబెట్టి చూస్తుంది. వావిలి కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది, నీళ్ళు పోయకపోయినా అలగదు. దేవకాంచనాన్ని మొదట్లో పసిపిల్లలా సాకాలి. వావిలి గుబురుగా పెరుగుతుంది, నీడ ఉండదు. కాంచనం పెరిగితే కింద కుర్చీ వేసుకోవచ్చు. కాంచనం ఆకు రాలుతుంది, ఊడవాలి. మరి వావిలి రాలదా అంటే, రాలేదాకా దాన్ని ఎవరు ఉంచారు? ఆకు ఆకునూ తెంపింది తనే కదా. కనకవ్వ మోకాళ్ళకు రోజు విడిచి రోజు వావిలాకు కాగబెట్టిన నీళ్ళు. లక్ష్మణ్ బాయి నుంచి నడుము పట్టుకుని వస్తే నిండా గంగాళం. తలనొప్పికి తల కింద ఆకు పరిచిన మెత్త, పడిశానికి ఆవిరి. వావిలి డాక్టరే, కాదనదు. కానీ ఆ డాక్టరుకు కాంపౌండర్ ఎవరో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆకు తెంపడం, కడగడం, కాగబెట్టడం, మసిగుడ్డతో దించి మోసుకెళ్ళడం, చివరికి పిప్పి ఎత్తి పారేయడం ఆమె పనే. నీళ్ళు పోసుకున్నవాళ్ళంతా వావిలి పుణ్యమన్నారు.

ఒక్క పూట మాత్రం ఆమె మరవలేదు. హర్షిణి పుట్టేనాటికి అనసూర్య తల్లి బతికి లేదు కాబట్టి కాన్పు అత్తగారింట్లోనే అయింది. బాలింతకు వావిలి నీళ్ళు పోయాలి. పోసేవాళ్ళేరీ? పచ్చి ఒంటితో పెరట్లోకి పోయి, గోడ పట్టుకుని నిలబడి తనే కొమ్మలు విరిచింది. తనే కాగబెట్టుకుంది. నీళ్ళు మసులుతుంటే కనకవ్వ గడపలో కూర్చుని, "అనసూర్యా, సల్లారక ముందే జర నా మోకాళ్ళకు పొయ్యి. మిగిలినయి నువ్వు పోసుకో" అంది. పోసింది. మిగిలిన నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. తన ఒంటికి కావలసింది నోరు తెరిచి అడగలేకపోయినందుకు సిగ్గు. కోపం తర్వాతెప్పుడో వచ్చింది, వచ్చి పోలేదు.

ఆ పొద్దున ఊడవడం అయ్యేసరికి సుల్తానాబాద్ నుంచి ఆడబిడ్డ కోమల ఫోన్ చేసింది. మాఘంలో ఆమె కూతురి కాన్పు. "వదినా, మంచిర్యాల దవాఖాన దగ్గరైతదని పిల్లను మీ ఇంటికే పంపుత. నాకు కాపడాలు, తానాలు సాతగాదు. నీ చేతి నీళ్ళు పడితె మల్ల పిల్ల లేసి ఉరుకుతది. వావిలి పెట్టిన్రా లేదా?"

"ఇయ్యాల తెస్త" అంది అనసూర్య. అన్నాక, ఏం తెస్తానని అన్నదో తనకే తెలియలేదు.

కనకవ్వకు చాయ్ ఇచ్చి, అన్నం వార్చి, షేరింగ్ ఆటో ఎక్కి కాలువ అవతల ఉన్న నర్సరీకి పోయింది. నర్సరీ చూసుకునే సక్కుబాయిది ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర హద్దులో ఊరు. చేతిలో పైపు పట్టుకుని మొక్కలతో మాట్లాడుతూ నీళ్ళు పడుతోంది.

"కాయ్ అక్కా, ఏం మొక్క గావాలె?"

"కాంచనం సూపియ్యి. జర అడిగేటియి గూడ ఉన్నయి."

ఆమె అడగనిదంటూ లేదు. వేరు గోడను పగలగొడుతుందా? ఎన్నేళ్ళకు పూస్తుంది? పూవు ఎన్ని రోజులుంటుంది? కోతులు వస్తాయా? ఆకు ఎద్దు డెక్కలా రెండుగా ఎందుకు చీలి ఉంటుంది? చివరిదానికి సక్కుబాయి పైపు కింద పెట్టి మరీ నవ్వింది. "గది నువ్వు దేవుణ్ణే అడగాలె అక్కా. అయితె మంచి చెట్టు. మొగ్గలు కూర జేస్కుంటరు. ఉల్లిగడ్డేసి వేంపితె మస్తుంటది."

అనసూర్య ముఖం వాడిపోయింది. మొగ్గలు కూరకు పనికొస్తాయని కనకవ్వకు ఈ రోజు కాకపోతే రేపు తెలుస్తుంది. ఇక కాంచనం కింద కుర్చీ వేయరు, నిచ్చెన వేస్తారు. ఎక్కేదెవరు, మొగ్గలు కోసేదెవరు, వేయించేదెవరు? ఆమెకు నవ్వు కూడా వచ్చింది. పనికిరాని చెట్టు కోసం ఇంత దూరం వస్తే ఇక్కడా పొయ్యే ఎదురైంది.

ఆ నవ్వుతోనే పక్కకు తిరిగితే కంచె దగ్గర ఒక పొద కనిపించింది. మనిషెత్తు దాటింది. ప్రతి కొమ్మ కొసనా సన్నని పూల గుత్తి, నీలమూ కాదు, వంకాయ రంగూ కాదు, రెంటికీ మధ్య. గుత్తుల నిండా తేనెటీగలు.

"గిదేం చెట్టు? గిది పెట్టుకుంటె మంచిగుంటది గద!"

"గది అమ్మేది గాదక్కా, కంచెకు మొలిచింది. ఎవ్వరు ముట్టరు" అంటూ సక్కుబాయి పైపుతో అవతలి మడికి పోయింది.

అనసూర్య దగ్గరికి వెళ్ళింది. ఒక ఆకు తెంపి, అలవాటుగా వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. అది ఆమె చేతుల వాసన. పెళ్ళయిన నాటి నుంచి అన్నం తింటుంటే వచ్చే వాసన, బిడ్డకు పాలిస్తుంటే వచ్చిన వాసన. వావిలి!

ఆమె నమ్మలేదు. మళ్ళీ నలిపింది. ఆకు అదే, అయిదు వేళ్ళు చాపిన ఆకు, అడుగున బూడిద రంగు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఉన్న చెట్టు పూస్తుందని ఆమెకు తెలియదు. ఎందుకు తెలియలేదో తెలుసుకోవాలని ఒక కొమ్మను కిందికి వంచి చూసింది. పూత వచ్చేది కొసకే. లేతాకు కోసమని తను విరిచేది కూడా సరిగ్గా అక్కడే. చెట్టు పూయాలని చూసిన ప్రతిసారీ ఎవరికో ఒంట్లో నొప్పి ఉంది. అనసూర్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెట్టు కోసమో తన కోసమో విడదీయడం ఆమె వల్ల కాలేదు. కొంగుతో తుడుచుకుని సక్కుబాయిని కేకేసింది. "అక్కా, నాకు గీ చెట్టు మొదట్ల పిలక ఒకటి వేరుతోని తీసియ్యి."

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, గుంతలో వావిలి నిలబడి ఉండడం చూసి లక్ష్మణ్ సంబరపడ్డాడు. "గిప్పుడు మంచి పని జేసినవ్" అని స్నానానికి లోపలికి పోయాడు. కనకవ్వ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆమె చేయి దానంతటదే కొమ్మ కొసకు పోయింది. అనసూర్య ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏమీ కాదు. కానీ అత్త చేయి పట్టి ఆపడం ఆమె ఎరగని పని, ఇద్దరూ ఒక్క క్షణం బిత్తరపోయారు.

"తెంపకు అత్తమ్మ. గిది పూల చెట్టు."

"వావిలి పూల చెట్టా? పిచ్చి లేసిందా నీకు?"

"ఆకు కాలువ అవతల నర్సరీ కంచెకు బొచ్చెడుంది. నీ మోకాళ్ళకు నీ కొడుకు బండి మీద తెస్తడు, కాగబెడ్తడు. కోమలకు ఫోన్ జేసి చెప్పిన. పిల్లను తీస్కరా, నువ్వు గూడ వచ్చుండు, నీ బిడ్డకు నీళ్ళు నువ్వే పొయ్యి, ఎట్ల పొయ్యాల్నో నేను సూపిస్త అన్న. గీ చెట్టుకు మాత్రం ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. నేను గూడ పెట్ట."

గొడవ అవుతుందనుకుంది. దానికి సిద్ధపడే వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుంత పక్కన వేసుకుని కూర్చుంది. లక్ష్మణ్ పొద్దున వేసిన ప్రశ్నకు అదే ఆమె జవాబు. కాళ్ళు చాపుకుంది.

కనకవ్వ అరవలేదు. మెల్లగా వంగి కొమ్మ కొసను చూసింది. "నిజంగనే పూస్తదా?" అంది. "నేను గీ ఇంటికి కోడలిగా వచ్చిన కాడ్నుంచి మా అత్తకు తెంపిన, ఆడబిడ్డలకు తెంపిన. ఎన్నడు పువ్వు సూడలే. ఏం రంగుంటదే?"

చెప్పబోయి అనసూర్య ఆగింది. పాత కోపం ఎక్కడికీ పోలేదు, ఉన్న చోటే ఉంది. అయినా లేచి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసింది. "పూసినంక సూద్దువు గాని, కూసో."

లోపలి నుంచి లక్ష్మణ్ గొంతు వినబడింది. "అనసూర్యా, నడుము గుంజుతుంది. నీళ్ళు కాగినయా?"

ఆమె నోరు తెరిచేలోపే కనకవ్వ చెట్టు మీంచి చూపు తిప్పకుండా కేకేసింది.

"బకెట్ల హీటర్ ఏసుకో బిడ్డా. మేం గీడ కూసుండి సూస్తున్నం."