సారిక బాణాలు

కొంతం చౌక్ దగ్గర ఆటో ఆగినప్పుడు సారిక తల పైకెత్తి చూసింది. స్తంభాల మధ్య కట్టిన పెద్ద బ్యానర్ మీద తన ముఖమే ఉంది. ఎప్పటిదో పదో తరగతి ఫొటో. దానికి అటొకటి ఇటొకటి రెండు క్షిపణులు నిప్పులు కక్కుతూ ఆకాశంలోకి దూసుకుపోతున్నాయి. కింద మరాఠీలోనూ తెలుగులోనూ ఒకే మాట: 'మన సమాజ రత్నం, క్షిపణి శాస్త్రవేత్త డాక్టర్ సారికకు ఘన సత్కారం.'

ఆటో అతను అద్దంలో ఆమెను, బయట బ్యానర్‌ను మార్చి మార్చి చూశాడు. పాట ఆపేసి, ఆమె ఇల్లున్న నీలం నగర్ వచ్చేదాకా గుంతలు తప్పించి మరీ నడిపాడు.

సారిక పుణెలో చదివింది గణితం. ఆమె పని క్వివర్లనే వాటి మీద. కాగితం మీద కొన్ని చుక్కలు, చుక్క నుంచి చుక్కకు బాణాలు, అంతే. ఒక్కో చుక్క దగ్గర ఒక గది ఉందనుకోవాలి. బాణం ఈ గదిలోని వాటిని ఆ గదికి చేరవేస్తుంది. ప్రతి గదిలోనూ ఇంత అని ఒక భాగాన్ని ఏరుకోవాలి. ఏరుకున్న భాగంలోంచి బయల్దేరింది ఏరుకున్న భాగంలోనే దిగాలి. అలా ఏరుకోగల తీరులన్నీ కలిస్తే ఒక ఆకారం అవుతుంది. ఆ ఆకారానికి సమీకరణాలు రాయడం సారిక చేసిన పరిశోధన.

మొదట్లో ఆమె పట్టుదల వేరు. కొన్ని ఆకారాలు ఈ దారిలో ఎప్పటికీ రావని నిరూపించాలనుకుంది. రానివేవో తేలితే వచ్చేవాటికి ఒక గౌరవం ఉంటుంది కదా. మూడో ఏడు లైబ్రరీలో ఒక వ్యాసం కంటబడింది. సమీకరణాలతో రాయగల ఆకారం ఏదైనా సరే, తగినట్టు చుక్కలూ బాణాలూ పెట్టుకుంటే వచ్చి తీరుతుందట. రుజువు చాలా పొట్టిది. సారిక హాస్టల్‌కు పోయి ఏడ్చింది. గైడ్ మాత్రం నవ్వాడు. "అన్నీ వస్తాయని తేలింది కదా, సగం పని తప్పింది. ఎలా వస్తాయో రాయి" అన్నాడు. రాసింది. డాక్టరేట్ వచ్చింది.

ఇంట్లో తల్లి ద్రౌపది ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏందమ్మా ఆ బ్యానరు?"

"మంచిగున్నదా? పోరి ఏం సదివిందని కిష్టయ్యన్న అడిగిండు. నువ్వు ఫోన్ల చెప్పిందే చెప్పిన. బాణాలట, ఏడికెల్లి బయల్దేరినయ్, ఏడ దిగాలె అని లెక్క రాస్తదట అన్న. తప్పు చెప్పిన్నా?"

సారిక ఆలోచించింది. అందులో ఒక్క మాటా తప్పు లేదు.

కిష్టయ్య ఆ మరాఠీ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువాళ్ల సమాజం కమిటీకి అధ్యక్షుడు. తువ్వాళ్ల కార్ఖానా కొడుక్కు అప్పగించి, సత్కారాలు చేయడం పనిగా పెట్టుకున్నాడు. సారిక ఆయన ఇంటికి వెళ్లింది.

"నాది క్షిపణులు కాదు కాకా. గణితం."

"గణితం లేకుంట క్షిపణి లేస్తదా బిడ్డా?"

"లేవది. కాని నేను..."

"మరింకేంది? ఆమ్దార్ సాబ్ వస్తున్నడు. ఎమ్మెల్యే అంటె లెక్కల పంతులమ్మ కోసం వస్తడా? నువ్వు జర ఊకో."

ఆదివారం పొద్దున హాలు నిండింది. ఎమ్మెల్యే ఆమెకు శాలువా బదులు ఊళ్లో నేసిన చాదర్ కప్పి, దేశ రక్షణ గురించి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత మైకు సారిక చేతికొచ్చింది. అక్కడైనా నిజం చెప్పాలని ఆమె దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

"నేను క్షిపణులు చేయలే. నా బాణాలు కాగితం దాటి పోవు" అంది.

హాలు చప్పబడింది. ఎమ్మెల్యే ఫోన్ తీసి చూసుకున్నాడు. తల్లితోపాటు బీడీలు చుట్టే సుందరాబాయి ముందు వరసలోంచి, "మరేం చేసినవ్ బిడ్డా?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మన వాడల ఇంటింటికి కొందర్ని ఏరుకుందాం పెద్దమ్మా. ఈ ఇంట్ల ఏరినోళ్లు పక్కింటికి పోతె, ఆడ గూడ ఏరినోళ్లలనే కలవాలె. బయటోళ్లల కలవొద్దు. గట్ల ఎన్ని తీర్ల ఏరొచ్చు? ఆ తీర్లన్ని కలిస్తె ఒక ఆకారమైతది. దానికి లెక్క రాసిన."

"ఏ ఆకారమైతది?"

"ఏదైన ఐతది. లెక్కల్ల రాయగలిగినదేదైనా."

కిష్టయ్య చటుక్కున లేచి మైకు అందుకున్నాడు. "ఏదైన అంటె, క్షిపణి ఆకారం గూడనా?"

కాదంటే అది అబద్ధం. ఇన్నేళ్ల చదువులో ఆమె నేర్చుకున్నదల్లా అబద్ధం చెప్పకుండా ఉండటం ఒక్కటే.

"లెక్కల్ల రాస్తె... వస్తది" అంది మెల్లగా.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఎమ్మెల్యే ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ కరచాలనం చేశాడు. ఇంటికి పోతుంటే ద్రౌపది, "ముందే ఒప్పుకుంటె ఐపోవు గదా, గంతమందిల ఊకెనే సతాయించినవ్" అంది.

ఆ వారంలోనే ఊరి అంచున ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూలో చైర్మన్ క్షిపణుల గురించే అడిగాడు. తనకు వాటితో ఏ సంబంధమూ లేదని సారిక మరాఠీలో స్పష్టంగా చెప్పింది. ఆయన తలుపు వేయించి, గొంతు తగ్గించి, అలాంటివి బయటకు చెప్పకూడదని తమకూ తెలుసన్నాడు. ఇంత గుట్టుగా ఉండే మనిషే తమకు కావాలన్నాడు. ఉద్యోగం ఇచ్చాడు.

"అబద్ధం మీద వచ్చిన నౌకరి అమ్మా. చేయబుద్ధి ఐతలేదు" అంది సారిక ఇంటికొచ్చి.

ద్రౌపది బీడీకి దారం చుట్టి పక్కన పెట్టింది. "నువ్వు ఆడిన అబద్ధమేంది?"

ఎంత వెతికినా సారికకు ఒక్కటీ దొరకలేదు. సోమవారం నుంచి కాలేజీకి వెళ్లింది.

మొదటి రోజు క్లాసులో కూర్చోవడానికి చోటు లేదు. వేరే బ్రాంచీల వాళ్లు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. సారిక బోర్డు మీద రెండు చుక్కలు పెట్టి, మధ్య ఒక బాణం గీసి, మాత్రికల గురించి చెప్పడం మొదలుపెట్టింది. గోడల దగ్గర నిలబడ్డవాళ్లు కొంతసేపు ఓపిక పట్టి, ఒక్కొక్కరే జారుకున్నారు. వారం తిరిగేసరికి వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. ఈ మేడం అసలు సంగతి చెప్పడం లేదని కాలేజీ అంతా నమ్మింది.

ఒకరోజు క్లాసు అయిపోయాక స్నేహ అనే తెలుగమ్మాయి మాత్రం లేవకుండా బోర్డు వైపే చూస్తూ ఉండిపోయింది.

"మేడం, బాణం వేరే చుక్కకు పోకుంట, బయల్దేరిన చుక్కకే తిరిగొస్తె ఎట్ల?"

సారిక అప్పటికే తుడవబోతున్న బోర్డును వదిలేసింది. తను ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి పుణెలో ఒక వానాకాలం పట్టింది. సుద్దముక్క తీసుకుని ఆ చుక్క మీదనే గుండ్రంగా తిరిగొచ్చే బాణం గీసింది.

"ఇప్పుడు ఏరుకొని చూడు. ఏమైతదో నువ్వే చెప్పు."

స్నేహ బోర్డు దగ్గరికి వచ్చింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి నెమ్మదిగా మాట్లాడుకుంటుంటే, కిటికీ అవతల చైర్మన్ ఎవరో అతిథులకు వాళ్లను చూపించి, చప్పుడు చేయవద్దన్నట్టు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.