స్వర్ణకు ఎడమ పక్కన

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది. జపానుతో ఆడే మ్యాచ్‌లో మా చెల్లెలు స్వర్ణలత బంతిని చక్కగానే పట్టుకుంటుంది. పట్టుకున్న మరుక్షణం తల కూడా తిప్పకుండా ఎడమ పక్కకు ఇచ్చేస్తుంది. అక్కడ జపాను పిల్ల నిలబడి ఉంటుంది. ఎదురుగా గోలు ఖాళీ.

దెబ్బ తగులుతుందని భయం లేదు, అది మొండిది. జట్టు చిన్నదనీ భయం లేదు. ఆ ఎడమ పక్క ఒక్కటే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

స్వర్ణ మన దేశం జట్టుకు గోల్‌కీపరు. పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల ఆసియా ఫుట్‌బాల్ పోటీలు ఈసారి బెంగళూరులో పెడుతున్నారు. మా పుట్టిల్లు పెద్దారవీడు. నన్ను యర్రగొండపాలెం ఇచ్చారు. మా ఆయన నరేష్‌కు బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు ఉంది. ఏ జట్టు ఏ గ్రూపులో పడిందో చెప్పిన సాయంత్రం పాపను ఒళ్ళో వేసుకుని ఆ హోటల్లోనే టీవీ ముందు కూర్చున్నాను. మన పేరు కింద జపాను, ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాను వచ్చాయి. నాలుగింట్లో ముందుకు పోయేది రెండే.

పెనం దగ్గరున్న మా మరిది రాజేష్ గరిటె పైకెత్తాడు. "అయిపాయె వదినా! వంగి వంగి గోల్లోంచి బంతి తీసేదానికే సరిపోతాది మీ చెల్లికి. నడుముకు జండూబామ్ పంపించు."

"నువ్వు దోసె తిప్పు. మాడిపోతా ఉంది."

"నిజం చెప్తే కోపమా? జపాను, వదినా! జపాను!"

మా అత్త చెంచమ్మ ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది. "ఉజ్బెకిస్తాను అంటే యాడుందే అమ్మాయ్?"

"చానా దూరం అత్తా."

"అంత దూరం నుంచి బంతి తన్నేదానికి వస్తా ఉన్నారా! ఆ పిల్లోళ్ళ అమ్మలు ఎట్ల పంపుతా ఉన్నారో."

హోటల్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ అమ్మల మాట నాకు బాగానే అర్థమైంది.

మర్నాటి నుంచి పాపకు పాలిచ్చే వేళల్లో ఫోను పట్టుకుని ఆ మూడు జట్ల పాత మ్యాచ్‌లన్నీ చూశాను. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. వీడియోల్లో వాళ్ళు చెప్పే ఇంగ్లీషు సగం తెలియదు. కానీ ఆట చూడటానికి భాషతో పనేముంది? కళ్ళుంటే చాలు.

ఉజ్బెకిస్తాను భుజం పెట్టి ఆడే జట్టు. ఆ పిల్లలు ఒళ్ళు దాచుకోరు. బంతి దొరికితే చాలు, ఎంత దూరం నుంచైనా బలంగా కొడతారు. చూస్తే భయం వేస్తుంది గానీ నాలుగు మ్యాచ్‌లు వరసగా చూస్తే సంగతి తెలుస్తుంది. సగం ఆట దాటాక కాళ్ళు బరువెక్కుతాయి. వెనక్కు పరుగెత్తడం మానేస్తారు. మనవాళ్ళు అప్పటిదాకా ఓపిక పడితే చాలు. వీళ్ళను గెలుస్తాం.

ఆస్ట్రేలియా పొడుగు పిల్లల జట్టు. కార్నర్ దొరికితే పండగే వాళ్ళకు. నలుగురైదుగురు వచ్చి గోల్‌కీపరు చుట్టూ కూరగాయల సంతలా ముసురుకుంటారు. పై నుంచి బంతి దిగుతుంటే కీపరును కదలనివ్వరు. మిగతా కీపర్లు అక్కడే దెబ్బతిన్నారు. మా స్వర్ణ తినదు. పై నుంచి వచ్చేదాన్ని పట్టడం దానికి తెలిసినంతగా ఆ పోటీల్లో ఇంకెవరికీ తెలియదు. వీళ్ళతో సమానంగా నిలబడతాం.

జపాను వేరు. వాళ్ళు తోసుకోరు, అరవరు. బంతి పోయిందంటే పోయిన చోటనే ముగ్గురు చుట్టుకుని తిరిగి తీసుకుంటారు. ఎదుటి కీపరు చేతుల్లో బంతి ఉన్నప్పుడు కూడా వాళ్ళు ఊరుకోరు. ఆ చేతులు ఎటు కదులుతాయో చూస్తూ ఉంటారు. అది చూసినప్పుడే నా గుండె జారింది.

ఎందుకో చెప్పాలంటే మా చేను సంగతి చెప్పాలి. ఎండాకాలం పుచ్చకాయలు కోతకు వస్తే లారీ గట్టు దాకా వచ్చి ఆగేది. చేనులోంచి లారీ దాకా మేమంతా వరసగా నిలబడి కాయను చేతి నుంచి చేతికి విసురుకునేవాళ్ళం. మొదట్లో నాయన. తర్వాత స్వర్ణ. స్వర్ణకు ఎడమ పక్కన నేను. నా తర్వాత కూలీలు, లారీ మీద మా చిన్నాన్న. ఆ పనిలో ఒకటే కట్టుబాటు. ఇచ్చే మనిషినే చూడాలి. తీసుకునే మనిషి వైపు తల తిప్పావో, వెనకే వచ్చే కాయ ఎగిరి రొమ్ముకు తగులుతుంది.

"అక్కను చూడొద్దు, నన్ను చూడు!" అని నాయన అరిచేవాడు. "అక్క యాడికీ పోదు!"

స్వర్ణ అట్లాగే నేర్చుకుంది. రెండు చేతులా పట్టడం, నడుము తిప్పడం, చూడకుండా ఎడమకు ఇవ్వడం. అది చదువుకున్న హాస్టల్లో ఆటల మేడం దాన్ని గోల్లో నిలబెట్టింది ఆ పట్టు చూసే. పట్టుతో పాటు ఎడమకు ఇచ్చే అలవాటూ వెంట వచ్చింది.

పోయిన నెల నేపాలుతో ఆడిన స్నేహపు మ్యాచ్‌లో అదే జరిగింది. స్వర్ణ ఎగిరి బంతిని అందంగా పట్టింది, నడుము తిప్పింది, ఇచ్చేసింది. ఎడమ పక్కన మనవాళ్ళెవరూ లేరు. నేపాలు పిల్ల ఉంది. ఆ పిల్ల నివ్వెరపోయి గోలు పై నుంచి కొట్టింది కాబట్టి సరిపోయింది. వీడియోలో వ్యాఖ్యానం చెప్పేవాడు పకపకా నవ్వాడు.

వీడియో మా ఆయనకు చూపించాను.

"గోలు కాలేదు గదా, పోనీలే," అన్నాడు.

"ఇది జపానోళ్ళు చూడరా?"

"జపానోళ్ళకు ఇదేనా పని?"

"ఇదే పని!"

అరుపుకు పాప లేచి ఏడ్చింది. మా అత్త పాపను భుజాన వేసుకుని, "చెప్తే పోదా ఆ పిల్లకు?" అంది.

"చెప్తే ఆలోచన మొదలైతాది అత్తా. ఆలోచిస్తే పట్టు పోతాది."

"చెప్పకుంటే?"

"చెప్పకుంటే నాకు అన్నం దిగదు."

"అయితే చెప్పు. నువ్వు తినకుంటే నా మనవరాలికి పాలెట్ల?"

జట్టుకు తర్ఫీదిచ్చే శిబిరంలో పిల్లలకు ఫోన్లు ఆదివారం మధ్యాహ్నమే ఇస్తారు. ఆ ఆదివారం హోటల్లో అన్నం వేళ రద్దీని మా ఆయనకు, రాజేష్‌కు వదిలేసి గదిలోకి పోయి వీడియో కాల్ చేశాను. స్వర్ణ ముఖం నల్లబడింది, జుట్టు కత్తిరించుకుంది.

"అక్కా, పాపను చూపించు ముందు."

"పాప యాడికి పోతాది? నేపాలు మ్యాచ్ చూసినా నేను."

"చూసినావా!" అని నవ్వింది. "నేను ఎడమకు ఇచ్చింది గదా?"

"నవ్వుతావేంది? జపానోళ్ళు నీ చేతులే చూస్తా ఉంటారు."

"కోచ్ సార్ మొదటి వారమే కనిపెట్టినాడక్కా. మాన్పియ్యాలని చానా చూసినాడు. కుడికి తప్ప ఇయ్యొద్దు అన్నాడు. కుడికి ఇయ్యాల, కుడికి ఇయ్యాల అనుకుంటా ఉంటే బంతే జారిపోయె. ఆఖరికి దండం పెట్టినాడు. నువ్వు ఎడమకే ఇచ్చుకో తల్లీ, నేనే ఆడ మనిషిని పెడతా అన్నాడు."

"మరి నేపాలు రోజు ఎవరూ లేరే!"

"ఆ రోజు కృప లేదు. జ్వరం. వేరే పిల్లను ఆడించినారు. అది బంతి చూస్తే ముందుకు ఉరుకుతాది. కృప ఉరకదు. నేను పట్టేసరికి ఆడికి వచ్చి నిలబడి ఉంటాది. అట్నుంచి ఆమె ఒక్క తన్ను తన్నిందంటే బంతి అవతలి సగంలో పడతాది. జపానోళ్ళు నా చేతులు చూడనీలే. చూసి నా మీదికి వస్తే వాళ్ళ వెనక ఖాళీ అవుతాది."

అలవాటు మానలేదు, మానక్కర్లేదు. దాన్నే ఆటగా మార్చారు. నా ఊపిరి తేలికైంది. ఒక్క పిసరు ఏదో గుచ్చుకుంది కూడా. ఆ చోటు నాది.

"ఎవరే కృప?"

స్వర్ణ ఫోను పక్కకు తిప్పింది. బక్కపలచటి పిల్ల మెట్ల మీద కూర్చుని రెండు జతల బూట్లు కడుగుతోంది. తలెత్తి నన్ను చూసి లేచి నిలబడి, ఎంతో మర్యాదగా రెండు చేతులూ జోడించి, "అక్కా, తిన్నావా మొద్దూ?" అంది.

స్వర్ణ పడీ పడీ నవ్వింది. "నేను రోజూ అడిగే మాటక్కా. ఆమెకు వచ్చే తెలుగు అదొక్కటే!"

నేను పాపను చూపించాను. కృప తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, ఫోను దగ్గరికి తీసుకుని, తెర మీదే పాప బుగ్గను వేలితో తాకింది. నేనే అడిగాను, "నువ్వు తిన్నావా?" అని. తల అడ్డంగా ఊపబోయి నిలువుగా ఊపింది.

ఆ పిల్ల బూట్ల దగ్గరికి తిరిగి పోయాక స్వర్ణ గొంతు తగ్గించింది. "వాళ్ళది జార్ఖండ్ అక్కా. అమ్మా నాయనా ఇటుక బట్టీలకు పోయినారు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో ఆమెకే సరిగ్గా తెలీదు. మేమందరం ఇండ్లకు మాట్లాడతా ఉంటే ఇట్ల బూట్లు కడుగుతా కూర్చుంటాది. నావి కూడా. ఈడ సాంబారు పడదు దానికి, సగం తిని లేస్తాది. జ్వరం వచ్చింది కూడా ఆమె చెప్పలేదు, నేనే చెయ్యి తగిలి కనుక్కున్నా. చెప్తే కూర్చోబెడతారని దాచిపెడతాది."

"మీ డాక్టరమ్మకు చెప్పొచ్చు గదా."

"ఆ రోజు నేనే చెప్పినా. రెండు రోజులు మాట్లాడలే నాతో."

ఫోను పెట్టేసి హోటల్లోకి వచ్చాను. రాజేష్ ఆకులు ఎత్తుతున్నాడు.

"ఏంది వదినా, ముఖం ఎలిగిపోతా ఉంది? జపాను జట్టు రావట్లేదంటనా?"

"రానీ. రాసుకో. ఉజ్బెకిస్తాను మీద గెలుస్తాం. ఆస్ట్రేలియాతో సమానం. జపాను మనకు గోలు కొట్టాలంటే చెమట్లు కారాల. రెండో జట్టుగా మనమే ముందుకు పోతాం."

"అబ్బో! అంత నమ్మకమా?"

"కృప ఆడితే."

"కృప ఎవరు?"

చెప్పాను. వాడు ఎగతాళి చేయలేదు. చేతిలో ఆకులు పట్టుకునే, "మరి ఆ పిల్లను చూసుకునేది ఎవరు వదినా?" అన్నాడు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. పాలు తాగే పిల్లతో ఈ ఎండల్లో నేను బెంగళూరు పోలేను. మీలో అక్కడ ఉండేవాళ్ళు, మ్యాచ్‌కు పోయేవాళ్ళు ఉంటారు. స్వర్ణ కోసం ఏమీ చేయకండి, దాని సంగతి మేం చూసుకుంటాం. ఆట అయ్యాక పిల్లలు కంచె దగ్గరికి వచ్చి చేతులు కలుపుతారట. మూడో నంబరు చొక్కా వేసుకున్న బక్క పిల్లను పిలవండి. ఒంట్లో ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటుంది. నమ్మకండి. నుదురు ముట్టుకుని చూడండి.