అక్క ముఖంలో ఆట

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, అమ్మమ్మ, అక్క, అక్క కోచ్ సారు, ఆయన వెంట వచ్చిన ఒక పొడుగమ్మాయి, వీళ్లందరికీ టీ పోస్తూ వంటగది గుమ్మంలో చెల్లెలు. పొడుగమ్మాయి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే చెల్లెలికి అర్థమైపోయింది.

అక్క బోచియా ఆడుతుంది. ముందుగా ఒక తెల్ల బంతి వేస్తారు. ఎవరి రంగు బంతులు దానికి దగ్గరగా చేరితే వాళ్లకు పాయింట్లు. అక్కకు చేతులూ కాళ్లూ మాట వినవు. అందుకని చక్రాల కుర్చీ ముందు ఒక వాలుబల్ల నిలబెట్టి, చెప్పిన వైపు తిప్పి, చెప్పిన ఎత్తులో బంతి పెడితే, తలకు కట్టిన కడ్డీతో అక్క దాన్ని వదులుతుంది. ఆమెను ఓడించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ బల్ల పట్టేది చెల్లెలు. పట్టేవాళ్లు నోరు మెదపకూడదు, కోర్టు వైపు చూడకూడదు. కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి. నలుగురిలో నోరు పెగలని చెల్లెలికి అది వరమే. ఎంత జనమున్నా అంతా వీపు వెనకే, కళ్ల ముందు అక్క ముఖం ఒక్కటే. కనుబొమ్మలు లేస్తే బంతి దగ్గరగా ఆగినట్టు, పెదవి కొరికితే పక్కకు పోయినట్టు. ఆటంతా ఆ ముఖంలోనే చూసేది.

పోయిన నెల సెమీఫైనల్లో, ఆఖరి బంతుల దగ్గర ఆ ముఖం రాయిలా అయిపోయింది. ఏమీ తెలియలేదు. చెల్లెలు ఉండబట్టలేక వెనక్కి తిరిగి చూసింది. రిఫరీ చెయ్యెత్తాడు. తప్పు కింద అవతలివాళ్లకు ఒక బంతి అదనంగా ఇచ్చారు. దానితోనే అక్క ఓడిపోయింది. ఇక మిగిలింది జట్టు ఎంపిక పోటీ. అదీ పోతే ప్రపంచ పోటీల మాటే లేదు.

“ఇద్దరితోనూ బల్ల పట్టించి కాసేపు ఆడించి చూద్దాం,” అన్నారు సారు. “ఎవరు కావాలో మీ పెద్దమ్మాయే చెబుతుంది.”

“సొంత చెల్లెలుండగా బయటివాళ్లెందుకండీ?” అంది అమ్మ.

“వచ్చిన పిల్లకి బిస్కట్టయినా పెట్టకుండా గోళీలాట మొదలెడతారా?” అంది అమ్మమ్మ. బోచియా అనే మాట ఆవిడ నోట ఎప్పుడూ పలకలేదు.

“గోళీలైతే... నీతోనే ఆడేదాన్ని,” అంది అక్క. ఆమెకు మాట ఒక్కో ముక్కా తోసుకుంటూ వస్తుంది. “కానీ నువ్వు... తొండి చేస్తావు.”

“నేనా? మీ తాతని అడుగు.”

తాత పోయి చాలా ఏళ్లయింది. సారుకు టీ పొలమారింది.

నడిమి గదిలో కుర్చీలు పక్కకు జరిపారు. ముందు చెల్లెలి వంతు. సారు వెనక నుంచి “అబ్బ, ఎంత దగ్గరగా ఆగిందో” అన్నారు. కావాలనే పళ్లెం కింద పడేశారు. చెల్లెలు మెడ బిగబట్టుకుని కూర్చుంది తప్ప తిరగలేదు. అక్క ముఖం మాత్రం మళ్లీ రాయిలానే ఉంది.

తర్వాత పొడుగమ్మాయి కూర్చుంది. ఆమె చూపు అక్క మీద లేదు, బల్ల మీదే ఉంది. అక్క పెదవి కొరికింది. ఒక బంతికి నాలుక బయటపెట్టింది. ఇంకో బంతికి కనుబొమ్మలు ఎగరేసి నవ్వింది. గుమ్మంలో నిలబడి చెల్లెలు ఆ నవ్వు చూసింది. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో గుర్తు రాలేదు.

“ఈ అమ్మాయే... సార్,” అంది అక్క.

“నేను తిరగలేదక్కా. సారు అంత గోల చేసినా తిరగలేదు.”

“తెలుసు.”

“మరి?”

“బంతి వదలగానే... నా మొహంలోకి చూస్తావు. సరిగా పడకపోతే... నీ మొహం వాడిపోతుంది. అది చూళ్లేక... నా మొహం బిగించుకోవడం నేర్చుకున్నా. నిన్ను చూసుకోనా... బంతిని చూసుకోనా?”

“ఇంక చూడను. నేల చూస్తా.”

“చూస్తావే. నాకు తెలీదా.”



“గ్యాలరీలో కూర్చుని కళ్లారా చూడొచ్చు కదమ్మా,” అన్నారు సారు. గ్యాలరీ అంటే ముందూ వెనకా జనమే. చెల్లెలు వాలుబల్ల దగ్గరికి వెళ్లింది. ప్రతి ఆటకు ముందు చేసినట్టే బల్లను పైనుంచి కిందికి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పొడుగమ్మాయి చేతిలో పెట్టింది.

“అక్క ‘ఇంకాస్త’ అంటే వెంట్రుకవాసే జరపాలి,” అంది.

“సరే చెల్లీ.”

వాళ్లిద్దరూ సాధన మొదలెట్టబోతున్నా చెల్లెలు వంటగది గుమ్మం వదల్లేదు. అక్క కుర్చీని గడ్డం కింది మీటతో నడుపుకుంటూ అక్కడికి వచ్చింది.

“అక్కడే నిలబడితే... మళ్లీ నిన్నే చూస్తా,” అంది. కుర్చీ ముందున్న కాళ్లపీటతో తలుపును మెల్లగా తోసింది.

సన్నబడుతున్న సందులోంచి చెల్లెలు ఆ ముఖం చూసింది. అక్క పెదవి కొరుక్కుంటోంది. ఈసారి దాచుకోలేదు. తలుపు మూసుకుంది.