బొత్తాం నొక్కేవాళ్లు లేని గది

కొండమీది గది తాళం తీసి, పిన్ని కిటికీ తెరిచింది. ఆ తర్వాత స్కానర్ మీట తిప్పింది. సముద్రంలో ఉన్న పడవల వైర్‌లెస్ మాటల కోసం ఆ పెట్టె ఒక్కో ఛానెలూ వెతుక్కుంటూ పోతుంది, మాట దొరికినచోట ఆగుతుంది. అది విని రేవు ఆఫీసుకు కబురందించడం ఆవిడ ఉద్యోగం. పడవలవాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి చెప్పడం మాత్రం ఎవరూ అప్పగించని పని. జీతం మొదటిదానికి వచ్చింది, కొండ పిన్ని అనే పేరు రెండోదానికి వచ్చింది. పొట్టి మనిషి. వినీ వినీ మెడ కాస్త కుడివైపుకు ఒరిగిపోయింది.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఆపద కబుర్లు ఇకపై పెద్ద రేవువాళ్లు వింటారట. బాగానే ఉంది. మరి "వచ్చేస్తున్నాం, వంట చేసి ఉంచమనండి" అనే మాటలు ఎవరు వింటారు? ఆ దిగులు ఆవిడను నిద్రపోనివ్వలేదు. వీడ్కోలు కానుకగా ఏం కావాలని అడిగితే, స్కానర్ పక్కన పెట్టడానికి చిన్న కంప్యూటర్ కావాలంది. స్కానర్‌లో పడ్డ మాటను అది ఇంటర్నెట్‌లో ఇళ్లలోని ఫోన్లకు చేరవేస్తుంది. రేవు ఆఫీసు పెద్దసారు సరేనన్నాడు, ఖరీదు మాత్రం చూసుకోమన్నాడు.

మధ్యాహ్నం కంప్యూటర్ల కొట్టతను ఒకటి చూపించాడు.

"ఇది తీసుకోండి పిన్నీ. సినిమా పెడితే అద్దంలా కనిపిస్తుంది."

"కొండమీద సినిమా ఎవరు చూస్తారు బాబూ? నాకు మాట వినిపిస్తే చాలు," అంటూ పిన్ని ప్లగ్గు పట్టి లాగేసింది.

"అయ్యయ్యో! అలా లాగకూడదండీ!"

"మా కొండమీద కరెంటు నీ మాట వినదు మరి. ఇలాగే పోతుంది, ఇలాగే వస్తుంది."

ప్లగ్గు మళ్లీ పెట్టింది. పెట్టె ఉలకలేదు, పలకలేదు. బొత్తాం నొక్కాలన్నాడు. నొక్కడానికి రేపటినుంచి కొండమీద ఎవరూ ఉండరంది. రెండోదానిలో ఫ్యాను గురక పెట్టింది. ఉప్పుగాలికి ఎన్నాళ్లు తిరుగుతుందని దాన్నీ పక్కన పెట్టింది. మూడోది ఎవరో వాడి అమ్మేసింది, అరచేతంత ఉంది, ఫ్యాను లేదు. కొట్టతను లోపల ఏదో మార్చాడు. ఈసారి ప్లగ్గు తనే లాగి, తనే పెట్టాడు. దానంతటదే లేచి పచ్చదీపం వెలిగించింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

గదిలో దాన్ని ముద్దుగా స్కానర్‌కు ఆనించి పెట్టింది. స్కానర్ జుయ్‌మని ఒకటే రొద. కొట్టతన్ని నాలుగు దులుపుదామని చెప్పులేసుకుంది కూడా. తీగ అడ్డొస్తోందని చిన్న పెట్టెను బల్ల చివరికి జరిపితే రొద ఆగిపోయింది. అంత దగ్గరగా పెట్టడం తన తప్పేనని నాలుక కరుచుకుంది. కాసేపటికి పెట్టె అడుగు వేడెక్కింది. కింద గాలి ఆడాలని తన టీ సాసర్ బోర్లించి దానిమీద కూర్చోబెట్టింది.

సాయంత్రం తాళం ఆఫీసులో ఇచ్చేసి, చెల్లెలి ఊరి బస్సుకు బయల్దేరింది. దారిలో వలలు కుట్టే ఆవిడ గుమ్మంలో ఆపింది. ఆవిడ మొగుడు పొద్దుననగా పడవ మీద వెళ్లాడు. ఆవిడ చేతిలోని ఫోన్‌లో కొండమీది స్కానర్ సన్నగా గరగరలాడుతోంది. అంతలో వీధంతా కరెంటు పోయింది. కొండమీదా పోయినట్టుంది, ఫోనూ మూగపోయింది.

"తాళం తెచ్చి కొండెక్కుతారా పిన్నీ?"

పిన్ని కాళ్లు అటే లాగాయి. వెళ్తే ఇవాళ్టికి సరిపోతుంది, రేపు? సంచీ కింద పెట్టి, అరుగుమీద బిగుసుకుని కూర్చుంది.

దీపాలు వచ్చాయి. ఫోన్ ఇంకా మూగగానే ఉంది. వలలావిడ పిన్ని చెయ్యి పట్టుకుంది. ఉన్నట్టుండి గరగర మొదలైంది. ఆ వెనకే గాలికి కొట్టుకుపోతున్నట్టు ఒక మగ గొంతు.

"పిన్నీ, వచ్చేస్తున్నాం. మా ఇంట్లో వంట చేసి ఉంచమనండి."

"చెప్పమంటున్నాడు," అంది వలలావిడ, కళ్లు తుడుచుకుంటూ.

"నేను చెప్పేదేముంది? నువ్వే విన్నావుగా!" అంది పిన్ని. జన్మలో ఏ మెప్పుకూ ఇంత గర్వపడలేదు ఆవిడ. సంచీ భుజానికి తగిలించుకుని, బస్సు వైపు తలెత్తుకుని నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

చెల్లెలింట్లో సంచీ విప్పితే సాసర్ లేకుండా టీ కప్పు ఒక్కటే బయటికొచ్చింది. కొండమీద, తాళం వేసిన గదిలో, బోర్లించిన సాసర్ మీద పచ్చదీపం వెలుగుతోంది.