పెరటి గోడ మీద నొప్పి

బుల్లెమ్మ గారి పెరటి గోడకి అవతల సంపూర్ణమ్మ ఇల్లు. పొద్దున్నే ఆ గోడ మీదుగా మజ్జిగ తోడు అటు వెళ్ళేది, కరివేపాకు ఇటు వచ్చేది, నొప్పులు రెండు వైపులా తిరిగేవి. పెళ్ళికి వెళ్ళాల్సొస్తే బుల్లెమ్మ మోకాళ్ళ నొప్పి సంపూర్ణమ్మ దగ్గర ఉండేది. నాట్ల రోజుల్లో సంపూర్ణమ్మ నడుం నొప్పి బుల్లెమ్మ దగ్గర ఉండేది. సాయంత్రానికి ఎవరిది వాళ్ళు తీసేసుకునేవారు. పెనుగొండ చుట్టుపక్కల ఇందులో వింతేం లేదు.

గొడవంతా ఆరోగ్య కార్డుతో వచ్చింది. సంపూర్ణమ్మకి కార్డొచ్చింది. బుల్లెమ్మకి రాలేదు, నిరుడు కరెంటు నెలకి మూడొందల యూనిట్లు దాటిందట. అమెరికా వాడు సుంకం వేస్తే రొయ్య ధర పడిపోయి, ఇంటాయన దుర్గాప్రసాదరాజు గారు రెండు చెరువులు ఎండగట్టుకుని కూర్చున్నారు. మీటరుకి ఆ సంగతి తెలీదుగా!

"పన్నులు కట్టేది మేము, ఆపరేషన్లేమో మీకా?" అంది బుల్లెమ్మ.

"మీ ఏసీ నాకిచ్చి నా కార్డు పుచ్చుకోండమ్మగారూ," అంది సంపూర్ణమ్మ నవ్వుతూనే.

బుల్లెమ్మకి ఒళ్ళు మండిపోయింది. టీకొట్టు దగ్గర సగం మంది పథకం మంచిదంటున్నారు, సగం మంది ఖజానా ఖాళీ అంటున్నారు. ఆవిడకి ఖజానా గొడవ పట్టలేదు. కార్డు మీద సంపూర్ణమ్మ ఫొటో కూడా బాగా పడింది, అదీ ఆవిడ బాధ.

వారం తిరక్కుండా సంపూర్ణమ్మ గోడ దగ్గరికొచ్చింది. గుండెల్లో పట్టేసినట్టుంది, ఈ ఒక్క పూట ఉంచుకుంటే నాట్లకి వెళ్ళొస్తానంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ కాదనని బుల్లెమ్మ చేతులు కట్టుకుంది.

"కార్డుందిగా. అక్కడే చూపించుకో."

సంపూర్ణమ్మ మొహం చిన్నబోయింది. నాట్లు మానేసి, ఆ నొప్పితోనే భీమవరం బస్సెక్కింది. నొప్పి ఒంట్లోనే ఉండబట్టి డాక్టరు పట్టుకున్నాడు. గుండె రక్తనాళం మూసుకుపోయిందట. ఆ రోజే కార్డు మీద స్టెంటు వేశారు.

ఐదో రోజున మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. బుల్లెమ్మ తలెత్తకుండా కరివేపాకు దూస్తూ కూర్చుంది.

"ఆ పూట మీరు పుచ్చుకునుంటే నాకు తెలిసేదే కాదండి, చేలోనే పోయేదాన్ని. నా మంచికే కాదన్నారు కదా."

కుళ్ళుతో అన్నానని చెప్పకుండా, బుల్లెమ్మ దూసిన రెమ్మనే మళ్ళీ దూసింది.

"నెల్లాళ్ళు పన్లోకెళ్ళొద్దన్నారమ్మగారూ. ఊరికే కూర్చునేదాన్నేగా, మీ మోకాళ్ళ నొప్పి ఇటివ్వండి."

బుల్లెమ్మ ఇచ్చేసింది. మేడ మెట్లు గబగబా ఎక్కేసి, పైన నిలబడి ఏడ్చింది. కార్డయితే రేపు రూలు మారిస్తే వస్తుంది. ఆ మనసు తనకెవరిస్తారని, కుళ్ళుకుంటూనే ఏడ్చింది.